బాతులవాళ్ళ దగ్గరికి వెళ్ళిన తలుపు

కోటయ్యాచారి గారిని ప్రశ్న అడగడమంటే పనికి ఒప్పుకోవడమే. ఆయన పుట్టుకతో వడ్రంగి; డెబ్భై రెండేళ్ళు వచ్చి, నలుగురూ గురువుగారని కాళ్ళకి దండం పెడుతున్నా వడ్రంగే. వేదాంతం అడగడానికి ఎవరైనా వస్తే శ్రద్ధగా వినేవారు, తల ఊపేవారు, ఆ తరవాత ఆ మనిషి చేతికి ఏదో ఒకటి అందించేవారు: చీపురో, చేంతాడో, చిత్రికో. "ఆత్మ అంటే ఏమిటండీ" అని పంచె సర్దుకుని కూర్చున్న ఒక లెక్చరరు గారు మూడు రోజులు బావి గిలకకి కందెన రాసి వెళ్ళిపోయారు. ఆయనకి జవాబు దొరికిందో లేదో తెలీదు గాని, ఆ గిలక మాత్రం ఇప్పటికీ కిక్కురుమనదు.

మోదుగులంక కాలవ గట్టు మీద ఆయన ఆశ్రమం. ఆశ్రమం అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. నాలుగు రేకుల గదులు, ఒక వంటపాక, ఒక బావి, వెనకాల ఇటుక గోడల స్నానాల గది. ఉండే మనుషులూ నలుగురే. ఆచారి గారు; వంట చేసిపెట్టే సామ్రాజ్యమ్మ; తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పేర్రాజు గారు; నాలుగో మనిషి హైమవతి. టౌనులో పదేళ్ళు కుట్టుమిషను స్కూలు నడిపి, ఒకనాడు జాకెట్టు చెయ్యి కత్తిరిస్తూ కత్తిరిస్తూ కత్తెర బల్ల మీద పెట్టేసి, "నాకు శాంతి కావాలి" అని ఆటో ఎక్కి వచ్చేసిన మనిషి ఆమె. వయసు ముప్ఫై ఆరు. ఏ పనైనా కొలత తీసి, గీత గీసి, అంచు మడిచి కుట్టినట్టు చేస్తే గాని ఆమెకి నిద్ర పట్టదు. శాంతి విషయంలోనూ అలాగే మొదలుపెట్టింది.

ఆ ఆశ్రమంలో ఒక ఆచారం ఉంది. పున్నమి నాటి సాయంత్రం దీపం పెట్టాక ఒక్కొక్కరూ లేచి, ఆ నెలలో అడక్కుండా తమకి అందిన మేలు ఒకటి చెప్పాలి. పేర్రాజు గారు పంతొమ్మిది నెలలుగా "సూర్యభగవానుడి వెలుగు" అనే చెప్తున్నారు. ఆ చైత్ర పున్నమికీ అదే చెప్పి కూర్చున్నారు. సామ్రాజ్యమ్మ లేచి, "ఈ నెల గ్యాసు బండ నలభై రోజులొచ్చింది. దణ్ణం" అంది. హైమవతి వంతు వచ్చింది. ఆమె చేతిలో అట్ట వేసిన నోటుబుక్కు ఉంది. లేచి నిలబడింది గాని నోటుబుక్కు తెరవలేదు.

"గురువుగారూ, ఉన్నమాట చెప్పేస్తాను. కృతజ్ఞత పెరగాలంటే రోజూ రాసుకోవాలని ఎక్కడో చదివి, నూట ఎనిమిది రాశాను. గాలి, నీరు, కళ్ళు, కాళ్ళు, అన్నం, అమ్మ. రోజూ పొద్దున్నే చదువుతాను. ఒక్కదానికీ గుండె కదలదు. రేషను కార్డులో పేర్లు చదువుకున్నట్టే ఉంటుంది. అసలు కృతజ్ఞత ఎలా వస్తుందండీ?"

పేర్రాజు గారు 'ఇప్పుడు చూడు, చేతికి చీపురే' అన్నట్టు మీసం చాటున నవ్వుకున్నారు. ఆచారి గారు మాత్రం దీపం వత్తి ఎగదోసి, "ఆ నూట ఎనిమిదిలో మన స్నానాల గది తలుపుందా అమ్మా?" అన్నారు.

"తలుపాండీ?" హైమవతికి నవ్వు, కోపం రెండూ వచ్చాయి. "లేదండీ. దాని గడియ ఒక్కసారికి పడి చావదు. కింద చెక్క ఉబ్బి నేలకి రాసుకుంటుంది. దానికి దణ్ణం కాదు, దాని మీద అర్జీ రాయాలి." అనేశాక గుర్తొచ్చింది, ఆ తలుపు చేసింది ఎదురుగా కూర్చున్న ఆయనేనని. సామ్రాజ్యమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆచారి గారు మాత్రం చిన్నబుచ్చుకోలేదు. "నిజమే. పొద్దున్నే దాని సంగతి చూద్దాం" అన్నారు.

అన్నట్టే తెల్లారగానే స్క్రూడ్రైవరు పట్టుకుని వచ్చి, బందులు విప్పి, తలుపుని కింద పడుకోబెట్టారు. ఉబ్బిన చెక్కని చిత్రిక పట్టారు. గడియ ఊడదీసి, తుప్పు గీకి, కొబ్బరినూనె రాసి బిగించారు. వేలితో తోస్తే టక్కున పడింది. హైమవతి పొంగిపోయింది. "చూశారా, అడగందే అమ్మయినా పెట్టదు" అని సామ్రాజ్యమ్మతో గొప్పలు కూడా పోయింది. ఆచారి గారు నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, "పేర్రాజు గారూ, ముందు వైపు మీరు పట్టుకోండి. వెనక వైపు అమ్మాయి పట్టుకుంటుంది" అన్నారు.

"గుమ్మం ఇక్కడేగా ఉంది, మోయడమెందుకండీ?" అన్నారు పేర్రాజు గారు.

"దగ్గరే" అన్నారు ఆచారి గారు, సంచిలో సుత్తి వేసుకుని ముందు నడుస్తూ.

గురువుగారు దగ్గరే అంటే దగ్గరే అనుకున్నారు ఇద్దరూ. గట్టు దిగి, దాళ్వా వరి కోత అయిపోయిన చేలల్లోకి దారి తిరిగేసరికి హైమవతి కాళ్ళు బరువెక్కాయి. తలుపు బరువుకి కాదు. ఎదురుగా కనపడుతున్నది బాతులవాళ్ళ గుడారం.

కోతలయ్యాక రాలిన గింజలు మేపడానికి నెల్లూరు వైపు నుంచి బాతుల మందలు ఏటా వస్తాయి. ఒక చేలో పదిహేను రోజులుంటారు, లారీ ఎక్కి ఇంకో ఊరు పోతారు. అలా వచ్చిన కుటుంబంలోని చెంగమ్మ అనే మనిషి నాలుగు రోజుల కిందట ఆశ్రమానికి వచ్చింది. బావి దగ్గర బట్టలుతుకుతున్న హైమవతిని చూసి, "అమ్మా, నేనూ మా అత్తా ఇద్దరం ఆడోళ్ళం. గట్టు మీద పొద్దస్తమానం మోటారు సైకిళ్ళు తిరుగుతుండాయి. మీ గదిలో రోజుకొకసారి నీళ్ళు పోసుకోనిస్తారా? నీళ్ళు మేమే తెచ్చుకుంటాం" అని అడిగింది. హైమవతి ఆమె కాళ్ళకున్న బురద చూసింది, చీరకున్న బాతు ఈకలు చూసింది, "గురువుగారిని అడిగి చెప్తానమ్మా" అంది. అడగలేదు. మరిచిపోలేదు కూడా. రోజూ సాయంత్రం గుర్తుచేసుకుని మరీ అడగలేదు. ఆ తరవాత చెంగమ్మ ఆచారి గారిని ఎక్కడ పట్టుకుందో, ఏం మాట్లాడిందో ఎవరికీ తెలీదు. ఇప్పుడు మాత్రం హైమవతి తలుపు మోసుకుని చెంగమ్మ ముందు నిలబడింది.

చెంగమ్మ మొగుడు రమణయ్య అప్పటికే రెండు సరుగుడు గుంజలు పాతి సిద్ధంగా ఉన్నాడు. ఆచారి గారు ఒక గుంజకి బందులు బిగించి, రెండో గుంజకి గడియ పడే కొక్కెం కొట్టారు. మిగతా మూడు వైపులా తాటాకు దడి. పైన ఆకాశం. గంటలో చేను మధ్య ఒక గది వెలిసింది. చుట్టూ వెయ్యి బాతులు మెడలు చాచి ఇదేమిటన్నట్టు చూశాయి. "మీరు ఇక్కడున్నన్నాళ్ళూ ఉంచుకోండి" అన్నారు ఆచారి గారు.

"మరి మనకండీ?" అంది హైమవతి.

"ఈ లోపే కావాలంటే తెచ్చుకోవచ్చు. కాకపోతే నువ్వే వచ్చి, నీ నోటితో అడగాలి." ఆయన చెంగమ్మ వైపు తిరిగారు. "ఈ అమ్మాయి అడిగితేనే ఇవ్వు. ఇంకెవరడిగినా, నేనే వచ్చి అడిగినా, ఇవ్వొద్దు."

ఆ రోజు నుంచి ఆశ్రమానికి కష్టకాలం మొదలైంది. గుమ్మానికి పాత దుప్పటి కట్టారు. ఎండాకాలం పడమటి గాలికి ఆ దుప్పటి జెండాలా ఎగిరింది. రాళ్ళు కట్టి బరువు పెడితే రాళ్ళు వచ్చి మోకాళ్ళకి తగిలాయి. పైగా లోపల మనిషి ఉన్నారో లేదో బయటివాళ్ళకి తెలిసేదెలా? ఆచారి గారు చిన్న ఉపాయం చెప్పారు. "లోపలున్నవాళ్ళు గొంతు ఆపకండి. గొంతు వినపడినంతసేపు బయటివాళ్ళు రారు." పేర్రాజు గారికి ఇది వరమే అయింది. ఆయన భజన ఎత్తుకుంటే కాలవ అవతల గేదెలు మేత మానేసి తలెత్తేవి. సామ్రాజ్యమ్మకి పాటలు రావు; నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ పోయిన మొగుణ్ణి తిట్టేది. మూడు రోజుల్లో ఆ మహానుభావుడి చరిత్రంతా ఆశ్రమంలో అందరికీ కంఠతా వచ్చేసింది.

హైమవతికి పాటా రాదు, తిట్టడానికి మొగుడూ లేడు. ఆలోచించి ఆలోచించి ఎక్కాలు ఎత్తుకుంది. పన్నెండో ఎక్కం దాకా బాగానే నడిచింది. నాలుగో రోజు ఎండ మరీ మండిపోతోంది, ఒళ్ళంతా చెమటకాయలు, ఇంకో నాలుగు చెంబులు పోసుకుందామని పదమూడో ఎక్కంలోకి దిగింది. "పదమూడైదులు అరవై అయిదు, పదమూడార్లు డెబ్భై ఎనిమిది, పదమూడేడులు..." అక్కడ ఆగింది. పదమూడేడులు ఎంత? ఒక చేత్తో దుప్పటి అంచు, ఒక చేత్తో చెంబు. వేళ్ళు లెక్కపెట్టుకునే వీలు లేదు. "పదమూడేడులు..."

"తొంభై ఒకటి!" అంది దుప్పటికి అవతల నుంచి, జానెడు దూరంలో, తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు గొంతు.

ఆయన తప్పేమీ లేదు. తువ్వాలు భుజాన వేసుకుని తన వంతు కోసం నిలబడ్డారు, లెక్క ఆగిపోతే ఉద్యోగపు అలవాటు కొద్దీ అందించారు. కానీ హైమవతికి ఒళ్ళు భగ్గుమంది. సబ్బు సగం కడుక్కుని, చీర తడి ఒంటి మీదే చుట్టుకుని బయటికొచ్చి, "ఇవాళ నేనైనా పోవాలి, ఆ తలుపైనా రావాలి" అంది. రెండోది తేలిక కాబట్టి చేలకి అడ్డం పడి బయల్దేరింది. ఏం మాట్లాడాలో దారి పొడుగునా కుట్టుకుంటూనే వచ్చింది. 'అమ్మా, నాలుగు రోజులు వాడుకున్నారు. మాకూ ఆడవాళ్ళున్నారు. దయచేసి ఇప్పించండి.' పొందికగా ఉంది. ఎక్కడా కుట్టు ఊడలేదు.

గుడారం ముందు చెంగమ్మ అత్త పోలమ్మ కూర్చుని పగిలిన గుడ్లు ఏరుతోంది. తలుపు మూసి ఉంది.

"చెంగమ్మ లేదా?" అంది హైమవతి.

"ఎందుకు లేదూ, ఉంది లోపల" అని పోలమ్మ తలుపు వైపు గడ్డం ఎగరేసింది. "తలుపొచ్చిన కాడి నుంచీ కోడలు కోడలు కాదమ్మా, జమీందారిణి. మేయ్ చెంగీ! ఎవరో అమ్మగారొచ్చుండారు. నీళ్ళు పోసుకోడం అయిందా?"

"ఎప్పుడో అయింది" అంది లోపల నుంచి గొంతు.

"మరి ఏం చేస్తుండావు?"

"ఏం లేదు. గడియ పెట్టుకోని ఊరికే కూసోనుండా."

"ఇన్నావా?" అంది పోలమ్మ హైమవతితో. "ఊరికే కూసోనుందంట. ఇంటా వంటా ఉందా ఇది? అంత పొద్దు ఊరికే కూసునేది రాజులూ, చచ్చినోళ్ళూ." మళ్ళీ కొంచెం గొంతు తగ్గించి, "నేను అట్ట గాదులే. నేను రోజుకి రెండుసార్లే కూసుంటా" అంది.

ఇంతలో రమణయ్య మోకాళ్ళ దాకా బురదతో పరిగెత్తుకొచ్చి, తలుపు దగ్గర ఆగి, వేలు మడిచి రెండుసార్లు కొట్టాడు. "ఉప్పు డబ్బా యాడ పెట్టినావు మే?" లోపల్నుంచి జవాబు లేదు. అతను కాసేపు నిలబడి, "సరే, నేనే ఎతుక్కుంటాలే" అని తిరిగి వెళ్ళిపోయాడు. పోలమ్మ నోరు తెరిచి చూసింది. "పెళ్ళై పద్నాలుగేళ్ళు. వాడు ఒక వస్తువు వాడే ఎతుక్కోడం ఇదే మొదలు" అంది.

ఎట్టకేలకు గడియ తీసుకుని చెంగమ్మ బయటికొచ్చింది. తల తుడుచుకుంటూ హైమవతిని చూసి ఆగింది. "తలుపు కోసరమేనా అమ్మా?"

హైమవతి కుట్టుకొచ్చిన మాట మొదలుపెట్టబోయింది. కానీ చెంగమ్మ ఆమె అవతారం చూసి పకపకా నవ్వింది. "ఏందమ్మా ఇది, చెవి వెనకాల సబ్బు నురగ అట్టే ఉంది! జాకెట్టు తిరగేసి తొడిగినావు. ఎవరన్నా తరుముకుంటా వచ్చినారా?"

హైమవతి ఎంత బిగబట్టినా ఆగలేదు. దుప్పటి సంగతి, ఎక్కాల సంగతి, తొంభై ఒకటి సంగతి అంతా చెప్పేసింది. పోలమ్మ చేతిలో గుడ్డు జారి పగిలిపోయేదాకా నవ్వింది. చెంగమ్మ మాత్రం నవ్వు మధ్యలో ఆపి, "మేమూ అంతే అమ్మా. కాకపోతే మాకు దుప్పటి లేదు" అంది. కోపంగా కాదు, ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది. "చీకటితో కాలవలో దిగాల. చీర ఒంటి మీదే ఉంచుకోని మునగాల. పైన ఎవరన్నా దగ్గితే మెడ దాకా నీళ్ళలో కూసోవాల. నాకు ముప్ఫై ఏళ్ళమ్మా. పగటేళ, చీర పక్కన పెట్టి, తిన్నంగా నీళ్ళు పోసుకోడం మొన్నే మొదలు. అప్పుడు చూసుకున్నా, నా నడుం పక్కన ఇంత పుట్టుమచ్చ ఉంది! ముప్ఫై ఏళ్ళుగా నా కూడానే తిరుగుతుండాది, నేను చూడనే లేదు. మా అత్తకి చూపించినా."

"నేనడిగినా" అంది పోలమ్మ గంభీరంగా, "అది పుట్టినప్పుడొచ్చిందా, తలుపొచ్చినాక వచ్చిందా అని."

హైమవతి నవ్వబోయి ఆగింది. చెంగమ్మ అప్పటికే రెండు బిందెలు లోపలికి మోసి, పైట నడుముకి దోపి, "పో అమ్మా. నురగ కడుక్కో. ఎక్కాలొద్దు, ఏమొద్దు. నేను ఈడ కాపలా ఉంటా" అంది. హైమవతి కాదనలేదు. లోపలికెళ్ళి గడియ తోసింది. టక్కున పడింది. మూడేళ్ళుగా చూస్తున్న తలుపే. అదే చెక్క, అదే కంత, తనే మేకు కొట్టి సబ్బు డబ్బా తగిలించిన చోటు. నీళ్ళు ఎండకి కాగి నులివెచ్చగా ఉన్నాయి. చెంబు తరవాత చెంబు, తొందర లేకుండా పోసుకుంది. పైన ఒక కొంగ పోయింది. బయట చెంగమ్మ గొంతు వినపడుతోంది. "ఒరే, ఇటు రామాక! అమ్మగారుండారు. నువ్వూ పోవే బాతూ, నీక్కూడా చెప్పాల్నా!" నీళ్ళయిపోయాయి. చీర కట్టుకుంది. ఇక బయటికి రావడమే. రాలేదు. కాళ్ళ కింద పరిచిన రాతి మీద, గడియ పెట్టిన తలుపుకి ఎదురుగా, ఊరికే కూర్చుంది. ధ్యానం కాదు, జపం కాదు, నోటుబుక్కులో రాసుకోవడానికి ఏమీ లేదు. ఎంతసేపో ఆమెకే తెలీదు. "ఈమె కూడా జమీందారిణి అయిపోయిందే" అని పోలమ్మ అనేదాకా కూర్చుంది.

బయటికొచ్చాక తల దించుకుని నిలబడింది. చెంగమ్మ ఆ రోజు అడిగింది ఇప్పుడు అడుగుతుందేమోనని ఆమె భయం. భయపడ్డట్టే అడిగింది.

"ఆ పొద్దు మీ సామిని అడిగి చెప్తానన్నావే అమ్మా. ఏమన్నాడు?"

"అడగలేదు" అంది హైమవతి. పొందిక లేదు, అంచు లేదు, ఉన్న మాట అదే. "మరిచిపోయి కాదు. నువ్వు మా గదిలోకి రావడం నాకు ఇష్టం లేక."

పోలమ్మ గుడ్లు ఏరడం ఆపింది. చెంగమ్మ తడి తుండుగుడ్డ దులిపి దడి మీద ఆరేసింది. "అడక్కపోవడమే మేలయింది పో" అంది. "అడిగుంటే ఏమయ్యేది? మీ గదికి రమ్మనేవాడు. మేమొచ్చి మీ వాకిట్లో, ఎప్పుడయితదా ఎప్పుడయితదా అని నిలబడేవాళ్ళం. ఇప్పుడు జూడు, తలుపే నడిచొచ్చింది మా కాడికి. మోసుకొచ్చింది కూడా నువ్వే." అని మళ్ళీ నవ్వింది. ఆ నవ్వులో ఎత్తిపొడుపు ఎంతో, స్నేహం ఎంతో కొలవడానికి పేర్రాజు గారి శాఖ దగ్గర కూడా తూకంరాళ్ళు లేవు.

హైమవతి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. పేర్రాజు గారు గట్టు మీద కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నారు. "ఇవ్వనన్నారా?" అన్నారు. "నేనడగలేదండీ" అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మర్నాటి నుంచి ఒక వింత జరిగింది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలయ్యేసరికి హైమవతి తువ్వాలు, సబ్బు, బిందెడు నీళ్ళు తీసుకుని బాతులవాళ్ళ చేలోకి వెళ్ళేది. అక్కడ వరసలో పోలమ్మ ముందు, చెంగమ్మ తరవాత, తను మూడోది. పోలమ్మ కావాలని ఆలస్యం చేసినా కిక్కురుమనకుండా నిలబడేది. మూడో రోజుకి సామ్రాజ్యమ్మ కూడా వెళ్ళి నాలుగో వంతు తీసుకుంది. పోయిన మొగుడికి ఆ వారం విశ్రాంతి దొరికింది. ఆశ్రమంలో మిగిలింది పేర్రాజు గారి భజన, వినే గేదెలు. ఆచారి గారు ఇవన్నీ చూస్తూనే ఉన్నారు గాని, ఒక్క మాట అడగలేదు.

పదో రోజు పొద్దున బాతులవాళ్ళ లారీ వచ్చింది. హైమవతి వెళ్ళేసరికి గుడారం విప్పేశారు, బాతుల గంపలు ఎక్కిస్తున్నారు. తాటాకు దడి కూలిపోయి ఉంది. చేను మధ్య రెండు గుంజలు, ఒక తలుపు మాత్రం నిలబడి ఉన్నాయి, ఎటు చూసినా బయలు. రమణయ్య బందులు విప్పి, తలుపు నేల మీద పెట్టి, "మీ వస్తువు మీకు అప్పజెప్తుండా. ఆచారి మాట ఉంది కదా. నీ నోటితో అడుగమ్మా, భుజానేసుకోని మీ ఇంటి కాడ దించి వస్తా" అన్నాడు.

అందరూ ఆమె వైపు చూశారు. చెంగమ్మ చూడలేదు. ఆమె తలుపు పక్కన గొంతుక్కూర్చుని, దాని మీది బురద మరకలు కొంగుతో తుడుస్తోంది. గడియ చుట్టూ మరీ జాగ్రత్తగా, పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడుస్తోంది. శుభ్రం చేసి ఇవ్వాలని ఆమె ఉద్దేశం. గుమ్మానికి దుప్పటి, మోకాళ్ళకి తగిలే రాళ్ళు, ఎండ, పేర్రాజు గారు, అన్నీ ఒక్కసారి హైమవతి కళ్ళ ముందు తిరిగాయి. తలుపు కావాలి. ఖచ్చితంగా కావాలి. ఇంతగా దేన్నీ కావాలనుకోలేదు ఆమె ఎప్పుడూ.

"అడగను" అంది.

"ఏంది?" అన్నాడు రమణయ్య.

"నేను అడగను. నేనడిగితేనే కదా ఇవ్వాలి? అడగను."

పోలమ్మకి ముందు అర్థమైంది. "అడగదంటరా! ఎక్కించు!" అని లేచింది.

"యాడ ఎక్కించేది? గంపలకే చోటు లేదు" అన్నాడు రమణయ్య.

"అయితే నువ్వు దిగి నడువు. తలుపు మూసుకోమంటే మూసుకుంటది. నీకు ఆ గుణం కూడా లేదు."

లారీ డ్రైవరు నవ్వి, తాళ్ళు తెచ్చాడు. తలుపుని గంపల మీద వెల్లకిలా పడుకోబెట్టి కట్టారు. చెంగమ్మ ఎక్కబోతూ హైమవతి దగ్గరికి వచ్చింది. దండం పెట్టలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. "పోయే ఊరి కాడ నీలాంటి అమ్మగారు ఎవరన్నా నురగతో వస్తే, ఒకసారి పోసుకోనిస్తాలే" అంది.

లారీ గట్టు మీదుగా ఆశ్రమం ముందు నుంచే పోయింది. వెయ్యి బాతుల గోల. ఆ గోలకి బయటికొచ్చిన పేర్రాజు గారు తలెత్తి చూసి, "గురువుగారూ! మన తలుపు! మన తలుపు పోతోందండీ!" అని పది అడుగులు పరిగెత్తి కూడా చూశారు. ఆచారి గారు అరుగు మీద ఉలి నూరుతున్నారు. లారీ మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా చూశారు. అప్పుడే ఒగరుస్తూ వచ్చి నిలబడ్డ హైమవతితో, "గడియ కూడా ఇచ్చావా?" అన్నారు.

"ఇచ్చానండీ. కొక్కెం కూడా."

ఆయన తల ఊపారు. లోపలికెళ్ళి వేప చెక్కలు నాలుగు, కొలత బద్ద, పెన్సిలు తెచ్చి ఆమె ముందు పెట్టారు. ఇది ఊహించిందే కాబట్టి హైమవతి మాట్లాడకుండా కొంగు బిగించింది. పేర్రాజు గారు మాత్రం ఊరుకోలేకపోయారు. భుజాన తువ్వాలు సవరించుకుంటూ, "కొలత నేను తీస్తానండీ, నా ఉద్యోగమే అది. ఈసారి తలుపు గుమ్మానికి అచ్చంగా సరిపోవాలి. గుమ్మం ఎత్తు ఎంతుందో చూసి రానా?" అన్నారు.

"గుమ్మం ఎక్కడికీ పోదండీ" అన్నారు ఆచారి గారు, ఉలి పదును వేలితో చూసుకుంటూ. "బయట ఎవరైనా నిలబడి ఉన్నారేమో, ముందు అది చూసి రండి."